బొటనవేలి రాజధాని యాత్ర

ఉమాపతి గారి ఆదేశానుసారం అప్పలనరసమ్మ కుడిచేతి బొటనవేలికి వరసగా నాలుగో సోమవారం ఉదయం అభ్యంగనం జరిగింది.

స్థలం కాశీబుగ్గలో ఉమాపతి గారి పెరటి నూతి చప్టా. ద్రవ్యాలు పొయ్యిబూడిద, కుంకుడురసం, కవిటి తోటల నుంచి వచ్చిన కొబ్బరిపీచు. ఆధ్వర్యం సాక్షాత్తూ ఉమాపతి గారిదే. ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ దస్త్రాల నడుమ జీవించి సీనియర్ అసిస్టెంటుగా విరమించిన ఆయన ఇప్పుడు ఊరివారికి ఉచితంగా అర్జీలు రాసిపెడుతున్నారు. ఆ అర్జీలు చదివిన అధికారులు పని చేసిపెట్టిన దాఖలాలు తక్కువే గాని, భాష బాగుందని మెచ్చుకున్నవారు మాత్రం ఇద్దరున్నారు.

"ఇంకా గట్టిగా తోము. నలుపు పోవాలి. నల్లటి వేలిని యంత్రం ఎలా చదువుతుంది?" అన్నారాయన, అరుగు మీద నుంచి.

అప్పలనరసమ్మ పీచుతో వేలిని మరో పది సార్లు రుద్దింది. జీడిపిక్కలు కొట్టేవారి వేళ్లకు ఒక రంగు ఉంటుంది. కాలిన పిక్కను రాయి మీద నిలబెట్టి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేసి, లోపలి పప్పు విరగకుండా బొటనవేలితో డొక్క విడదీస్తారు. డొక్కలోని జీడినూనె అప్పుడు వేలిని కాలుస్తుంది. కాలిన చర్మం నల్లబడుతుంది, బిరుసెక్కుతుంది, ఊడిపోతుంది, మళ్లీ కాలుతుంది. 

"ఇది పోయే నలుపు కాదు పంతులుగారూ. నాను పెల్లయి వచ్చిన కాణ్ణించీ పట్టినాది. నాను పోతే నాతో పోతాది."

"పోవడం గురించి మాట్లాడకు. కాగితం ప్రకారం ఈ నెలాఖరుకి నువ్వు పోతున్నట్టే లెక్క."

వంటింటి గుమ్మంలోంచి సూర్యకుమారి గారు తొంగిచూశారు. "ఏమండీ, అది వేలండీ. ఇత్తడి చెంబు కాదు."

"నీకు తెలియదు," అన్నారు ఉమాపతి గారు. దాంపత్యంలో ఆయన అత్యధికంగా వాడిన వాక్యం అదే.

వీధిలో రేషన్ బండి హారన్ మోగింది. అప్పలనరసమ్మ చెయ్యి తుడుచుకుని, సంచీ చంకన పెట్టుకుని పరుగెత్తింది. ఉమాపతి గారు కండువా సర్దుకుని రాయబారిలా వెనుక నడిచారు.

బండి నడిపే నాగరాజు ఆమెను చూసి ముందే నిట్టూర్చాడు. "రా అత్తా. ఏలెట్టు. ఒత్తీకు, ఊరికే ఆన్చు."

ఆమె ఆన్చింది. యంత్రంలోని ఆడగొంతు ఎంతో మర్యాదగా, వేలిముద్ర సరిపోలలేదని ప్రకటించింది. చూపుడువేలు పెట్టింది. సరిపోలలేదు. ఎడమచేతి వేళ్లు వరసగా హాజరై వరసగా తిరస్కృతులయ్యాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "ఓలప్పా, కాలి ఏళ్లు కూడా పెట్టీ," అంది. అందరూ నవ్వారు. అప్పలనరసమ్మ కూడా నవ్వింది.

"నువ్వు నువ్వు కాదంటందత్తా," అన్నాడు నాగరాజు. "మూడో నెలిది. ఇరవై ఎనిమిదిన మల్లీ బండొత్తాది. అప్పుడూ పడకపోతే పేరు తీసీమని పైనించి వచ్చీసినాది. నీ కార్డులో ఉన్నదే ఒక్క పేరు. పేరు పోతే కార్డు పోతాది. కార్డు పోతే ఆసుపత్రిలో నీ రక్తపరీచ్చా పోతాది. నానేటి సెయ్యగల్ను సెప్పు?"

"నాకు రెండున్నర ఉన్నాదిరా," అంది అప్పలనరసమ్మ. క్రియాటినిన్ అని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మూత్రపిండాల జబ్బు ఇంటింటా ఉన్న ఆ ప్రాంతంలో మనుషులు ఆ అంకెను వయసు చెప్పినంత మామూలుగా చెప్తారు.

"కన్ను చూసే యంత్రం ఉండాలి కదా?" అడిగారు ఉమాపతి గారు.

"వచ్చినాదండి. దాని వైరు రాలేదు."

ఉమాపతి గారు అప్పటికప్పుడే ఆమెను వెంటబెట్టుకుని మండల కార్యాలయానికి వెళ్లారు. అక్కడి యువ అధికారి ఆయనను మాస్టారూ అని పిలిచి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, కంప్యూటరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మా లాగిన్‌లో లేదండి. స్టేట్ లాగిన్‌లో ఉంటుంది. రాజధానికి వెళ్లాలి."

"ఏ రాజధానికి?"

అధికారి లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "మాస్టారూ, నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఇలాంటివి నన్ను అడగకండి."

ఆ సాయంత్రం అర్జీ తయారైంది. "మహారాజశ్రీ శాఖాధిపతి గారి దివ్యసముఖమునకు" అని మొదలై, అర్జీదారు సజీవురాలనీ, ఆమె అంగుష్ఠము కేవలము వృత్తిధర్మము చేతనే నిరక్షరమై యున్నదనీ విన్నవించి, "తమ కటాక్షవీక్షణముల కొరకు" ఎదురుచూస్తూ ముగిసింది. దివ్యసముఖానికి కింద ఊరిపేరు రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఉమాపతి గారి తాతగారు ఆ చోట మద్రాసు అని రాశారు. తండ్రిగారు కొన్నాళ్లు కర్నూలు అనీ, ఆపైన హైదరాబాదు అనీ రాశారు. పత్రికల ప్రకారం ఇప్పుడు రాజధానులు మూడు. న్యాయస్థానం ప్రకారం ఒకటి. ఎదురింటివారి ప్రకారం ఒక్కటీ లేదు. బస్సు దూరంలో నిర్వివాదమైన రాజధాని అంటే ముఖలింగమే. కాని గంగరాజులు దానిని ఖాళీ చేసి సుమారు తొమ్మిది వందల ఏళ్లు కావస్తున్నందున అక్కడ లాగిన్ ఉండే అవకాశం తక్కువ.

"దగ్గరదే మొదట," అని నిశ్చయించి ఆయన ఖాళీలో పెన్సిలుతో విశాఖపట్నం అని రాశారు.

మరునాడు ఉదయం పలాస స్టేషన్లో పాసింజరు ఎక్కేటప్పుడు అప్పలనరసమ్మ చేతిలో ఒక గుడ్డసంచీ, మొహంలో ఒక బెంగ. జీడి కార్ఖానా యజమాని వైకుంఠరావు ఆమెకు సెలవిచ్చాడు గాని, పీట ఖాళీగా ఉంచుతానని మాట ఇవ్వలేదు.

"మా ఓనరు, నీ పీట మీద మరొకర్తిని కూకోబెడతానన్నాడు పంతులుగారూ. కిటికీ పక్క పీటది. పొగ కొట్టదు. పన్నెండేళ్లకి దొరికినాది."

"రాజధాని నుంచి ఉత్తర్వుతో వస్తే నీ పీట ఎవడు కదుపుతాడు?"

ఆ వాక్యంలో ఉత్తర్వుకూ పీటకూ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె తలూపింది.

విశాఖలో బస ఉమాపతి గారి మేనల్లుడు కౌండిన్య ఇంట్లో. ఏడో అంతస్తు. కౌండిన్య మావయ్యను ఆదరంగా కూర్చోబెట్టి, విషయం విని, తల గోక్కున్నాడు. "రాజధానా? వస్తోందంటున్నారు మావయ్యా. ఉగాదికన్నారు. ఇప్పుడు దసరా అంటున్నారు. మా అపార్ట్‌మెంటు అద్దెలు మాత్రం వచ్చేసిందనుకుని పెరిగాయి."

"వచ్చినదా, రానున్నదా?" పాలనలో క్రియల కాలం ముఖ్యమని ఉమాపతి గారి విశ్వాసం.

"దారిలో ఉంది."

దారిలో ఉన్న రాజధానిని ఎదుర్కొని స్వాగతించడానికి ఉమాపతి గారు నాలుగు రోజులు నాలుగు కార్యాలయాలకు వెళ్లారు. మొదటి చోట, కింది అంతస్తులో ఉండేవారు పై అంతస్తులో అడగమన్నారు. పై అంతస్తులో గోడలకు కొత్త రంగు వేస్తున్నారు, ఎవరి కోసమో వేసేవారికి తెలియదు. మూడో చోట ఒక పెద్దాయన, శుక్రవారం ఒక ఉన్నతాధికారి క్యాంపు ఉంటుందని చెప్పాడు. శుక్రవారం క్యాంపు కూడా దారిలోనే ఉండిపోయింది.

ఈ నాలుగు రోజులూ అప్పలనరసమ్మకు ఎదురైన కష్టం వేరు. ఆమె చేతులకు పని లేదు. అంట్లు తోముదామని లేస్తే కౌండిన్య భార్య అపర్ణ, "అయ్యో, కూర్చోండి పిన్నిగారూ, మెషిన్ ఉంది," అంది. జీవితంలో మొదటిసారి ఎవరో తనను గారూ అన్నందుకు ఆమె హడలిపోయి బాల్కనీలో కూర్చుంది. కూర్చున్నా చేతులు కూర్చోలేదు. ఒళ్లో ఎడమచేతి రెండు వేళ్లూ కలిసి, లేని పిక్కను నిలబెట్టి పట్టుకునేవి. కుడిచెయ్యి లేని సుత్తిని చిన్నగా ఎత్తి దించేది. బొటనవేలు లేని డొక్కను విడదీసేది. ఎవరైనా చూస్తే చేతులను చెంగులో దాచుకునేది. రాత్రి పడుకునేముందు అపర్ణ ఇచ్చిన కొబ్బరినూనె వేళ్లకు రాసుకునేది, తోచక.

ఆదివారం విజయవాడ రైల్లో ఆమె బొటనవేలి మీది నల్లటి పొర అంచు లేచి ఉండడం ఉమాపతి గారి కంటబడింది. ఆమె దాన్ని ఉల్లిపొరలా నెమ్మదిగా లాగుతోంది. 

"పీకకు. పుండవుతుంది."

"నొప్పి లేదండి. దానంతటదే వచ్చెత్తన్నాది."

"అధికారుల ముందు రక్తం కారుతూ నిలబడితే ఏమనుకుంటారు?" అని, ఆయన తన సంచీలోంచి అర్జీ తీసి, రబ్బరుతో విశాఖపట్నం చెరిపి అమరావతి అని రాశారు. తునిలో ఒక ప్రయాణికుడు, శాశ్వతంగా రాయవద్దనీ కోర్టులో ఉందనీ సలహా ఇచ్చాడు. ఆయన దాన్ని చెరిపారు. ఏలూరు దగ్గర ఆత్మాభిమానం అడ్డొచ్చి మళ్లీ రాశారు.

సోమవారం ఉదయం బస్సు కృష్ణా కరకట్ట మీదుగా వెళ్లి వారిని ఒక విశాలమైన రోడ్డు మీద దించింది. ఆరు బండ్లు ఒకేసారి పోగల ఆ రోడ్డు మీద ఆ క్షణాన పోతున్నవి గేదెలు. రోడ్డు కొంతదూరం మహావైభవంగా సాగి, ఏదో గుర్తొచ్చినట్టు తుమ్మపొదల ముందు ఆగిపోయింది. పొదల వెనక అంతస్తుల కొద్దీ కట్టడాలు, కిటికీలు బిగించకుండానే నిలబడి ఉన్నాయి. స్తంభాల తలల మీద ఇనుపచువ్వలు తుప్పుపట్టి ఆకాశంకేసి చూస్తున్నాయి. శాతవాహనుల వైభవం గురించి ఉమాపతి గారు రైల్లో గంటసేపు ఉపన్యసించారు. ఆ ఉపన్యాసం ఇప్పుడు ఎక్కడ ఆనించాలో ఆయనకు తోచలేదు.

రోడ్డు పక్కన ఒక టెంటు. అందులో పాతిక మంది దాకా ఆడవాళ్లు, మగవాళ్లు కూర్చుని ఉన్నారు. దీక్ష ఎన్నో రోజో తెలిపే బోర్డు మీద అంకె నాలుగు స్థానాలకు చేరింది. ఒకామె లేచి వచ్చి మంచినీళ్ల చెంబు అందించింది.

"ఎవరి తాలూకమ్మా? ఏ ఊరు?"

"పలాస. సీకాకులం జిల్లా."

"అమ్మో, అంత దూరం నుంచే! ఎందుకొచ్చారూ?"

"రాజధానికండి," అన్నారు ఉమాపతి గారు. "ఎటువైపు వెళ్లాలి?"

"ఇదేనండీ రాజధాని. మీరు నిలబడ్డది మా నిమ్మతోట." ఆమె తుమ్మపొదల వైపు చెయ్యి చాపింది. "అదిగో, ఆ పొద దగ్గర మా బోరు. ఇక్కడ పెద్ద వీధి వస్తుందన్నారు, ఇచ్చేశాం. ఇప్పుడు వీధీ రాలేదు, తోటా లేదు."

ఉమాపతి గారు అప్రయత్నంగా రెండడుగులు పక్కకు జరిగారు, ఎవరి నిమ్మచెట్టునో తొక్కుతున్నట్టు.

అప్పలనరసమ్మ నీళ్లు తాగి చెంబు తిరిగి ఇస్తుండగా నీళ్లిచ్చినామె ఆ చేతులు చూసింది. "ఇవేంటక్కా, ఇట్టా కాలినయ్యి?"

"జీడి. పిక్కలు కొడతాను. ఏలు పడక పేరు పోతన్నాది."

"మా పేర్లు కాగితంలో భద్రంగా ఉన్నయ్యిలే, భూమే లేదు," అంది ఆమె. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ఎవరిని ఓదార్చాలో తేలలేదు. చివరికి ఆమె కొంగున ఉన్న వేయించిన వేరుశనక్కాయలు ఇచ్చింది. అప్పలనరసమ్మ చేతులకు వారం తరవాత పని దొరికింది. నిలబడే పావుసేరు ఒలిచి, పప్పు విరగకుండా, ఆమెకే తిరిగి ఇచ్చేసింది.

సచివాలయం అక్కడికి కొంత దూరంలో ఉంది. దాని పేరు ముందు తాత్కాలిక అనే విశేషణం ఉంది, ఆ విశేషణం మాత్రం శాశ్వతంగా స్థిరపడినట్టు కనిపించింది. సందర్శకుల వేళ మూడు గంటలకు. అప్పటివరకు గేటు బయట ఎండ. మూడుంబావుకు లోపల ఒక కౌంటరులో ఫణీంద్ర అనే యువకుడు అర్జీ అందుకుని మొత్తం చదివాడు. దివ్యసముఖం దగ్గర అతని కనుబొమలు లేచాయి, అంగుష్ఠం దగ్గర ఆగిపోయాయి.

"చాలా బాగా రాశారండీ."

ఉమాపతి గారి లెక్కలో మెచ్చుకున్నవారు ముగ్గురయ్యారు.

ఫణీంద్ర కంప్యూటరులో చూశాడు. ఇంకోసారి చూశాడు. "కాని ఇది మా దగ్గర ఉండదండీ. మండల లాగిన్‌లోనే చెయ్యాలి."

"అది స్టేట్ లాగిన్ అన్నారు!"

"స్టేట్ లాగిన్‌లో ఉంటుందండీ. కాని చేసేది మండలంలో." ఎంతో మంచివాడు, అబద్ధం చెప్తున్నట్టు లేడు. "అసలు ఆమె వేలు పడితే ఈ గొడవే లేదు కదండీ."

ముప్ఫై నాలుగేళ్లలో తాను ఎందరికి సరిగ్గా ఇదే గొంతుతో, ఇదే మంచితనంతో సమాధానం చెప్పి పంపారో ఉమాపతి గారికి లెక్క తెలియదు. కౌంటరుకు ఇవతల వైపు ఇంత ఎత్తుగా ఉంటుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

"కనీసం ముట్టినట్టు ముద్ర వేసి ఇవ్వండి," అన్నారు చివరికి.

ఫణీంద్ర నకలు మీద ముద్ర వేశాడు. స్వీకరించడమైనది అన్న మాటా, తేదీ చక్కగా పడ్డాయి. ఊరిపేరు ఉండవలసిన అంచున సిరా అందలేదు. మళ్లీ వేస్తానన్నాడు గాని, అప్పటికి గేటు మూసే వేళయింది.

మంగళవారమంతా రైల్లో ఉమాపతి గారు ఆ నకలును చూస్తూ కూర్చున్నారు. అది విజయమో కాదో ఆయనకు అంతుపట్టలేదు. అప్పలనరసమ్మ కిటికీ పక్కన నిద్రపోయింది. నిద్రలో ఆమె వేళ్లు కదలడం మానేశాయని ఆయన గమనించి ఉండవచ్చు, కాని ఆయన చూస్తున్నది కాగితాన్ని.

బుధవారం, ఇరవై ఎనిమిదో తేదీ. బండి పదింటికి రావలసింది. ఉమాపతి గారు ఎనిమిదింటికే పెరట్లో బూడిద, కుంకుడురసం, నీళ్ల బకెట్టు సిద్ధం చేయించారు. పీచు కనిపించలేదు.

"పీచు ఏదే?"

"పొయ్యిలో వేశాను," అన్నారు సూర్యకుమారి గారు, వంటింట్లోంచి, తల తిప్పకుండా.

పక్కింటివారిని అడిగి పీచు తెచ్చేలోగా వీధిలో హారన్ మోగింది. బండి ఆ రోజు, దాని చరిత్రలో మొదటిసారి, గంటన్నర ముందొచ్చింది. అప్పలనరసమ్మ సంచీ పట్టుకుని పరుగెత్తింది. ఉమాపతి గారు ఒక చేత పీచు, ఒక చేత ముద్రపడిన నకలుతో వెంట పరుగెత్తారు.

"తోమకుండా పెట్టకు! ఆగు!"

ఆమె అప్పటికే వేలు ఆన్చింది. యంత్రంలో చిన్న దీపం ఎర్రగా వెలిగి, ఆలోచించి, పచ్చబడింది. ఆడగొంతు అదే మర్యాదతో ధన్యవాదాలు చెప్పింది.

నాగరాజు యంత్రాన్ని తిప్పి చూశాడు. "ఓలమ్మ! పడిపోనాదత్తా! ఎలగ పడ్డాది?" తన నమ్మకం కోసం ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారీ పడింది. వరసలోని ఆడవాళ్లు గోల చేశారు. కాలి వేళ్లు పెట్టమన్న ఆమే ముందుకొచ్చి అప్పలనరసమ్మ వేలిని పట్టుకుని చూసింది.

ఉమాపతి గారి ఛాతీ ఒక్కసారిగా విశాలమైంది. నకలు పైకెత్తారు. "చూశావటోయ్ నాగరాజూ! నిన్నగాక మొన్న రాజధానిలో అర్జీ ముట్టింది. నేటికి ఉత్తర్వు పనిచేసింది. కాగితం సరిగ్గా రాయాలిగాని, రాజధాని ఎక్కడుంటేనేం!"

"మీ కలమంటే మాటలేటండి," అన్నాడు నాగరాజు బియ్యం తూస్తూ.

అప్పలనరసమ్మ వేలిని ఎండకు పట్టి చూసుకుంటోంది. నల్లపొర పోయిన చోట లేతగా, పసిపిల్ల అరిపాదంలా ఎర్రగా ఉంది. దాని మీద సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి. పెళ్లయి వచ్చాక ఆమె వాటిని చూడనేలేదు.

"పంతులుగారూ," అంది నెమ్మదిగా. "తొమ్మిది దినాలయ్యింది నాను పిక్క ముట్టి. పీచు కూడా ముట్టలేదు."

ఉమాపతి గారు తన చేతిలోని పీచును చూశారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కండువా కిందికి మార్చుకున్నారు. నాలుగు సోమవారాలు నూతిచప్టా మీద తాను అరుగెక్కి ఇచ్చిన ఆదేశాలు ఒక్కొక్కటే, నిదానంగా, వరుస తప్పకుండా జ్ఞాపకం వచ్చాయి. రెండో చేతిలోని నకలు ఇంకా పైకెత్తే ఉంది. దించుదామని కిందికి తెస్తుంటే అది ఎండలో అడ్డంగా పట్టుబడింది. ఊరిపేరు రాసి, చెరిపి, రాసి, చెరిపి, మళ్లీ రాసిన అర్జీకి తీసిన నకలు కదా, ఆ చోట బూడిదరంగు మచ్చ ఒకటి తప్ప ఏ అక్షరమూ తెలియడం లేదు.

"నేనే..." అన్నారాయన. అర్జీల భాషలో ఆ వాక్యానికి ముగింపు లేదు.

"మీరేటి సేత్తారు బాబూ. మీరు రాకపోతే ఈ తొమ్మిది దినాలు నన్ను కార్ఖానా ఒగ్గునా?" ఆమె బియ్యం సంచీ మూతి ముడివేసింది, ఆ కొత్త వేలితోనే. నొప్పెట్టినట్టుంది, ముఖం చిట్లించింది. వీధి చివర కార్ఖానా గొట్టంలోంచి పొగ లేస్తోంది. తొమ్మిదికల్లా వెళ్తే పీట దొరకవచ్చు. కిటికీ పక్కది కాకపోయినా ఏదో ఒకటి.

సంచీ నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి ఆమె ఆగింది.

"మల్లీ నెల బండొచ్చీసరికి ఇది కాలిపోతాది," అంది, వెనక్కి తిరక్కుండానే. "పంతులుగారూ, మీరు పేపరు సదువుతారు కదా. రాజధాని ఏ ఊరన్నా ఎట్టుకోమనండి, నాకేటి. తొమ్మిది దినాలు పట్టీంత దూరంలో ఉంటే సాలు."